పాత మిలిటరీ రైఫిల్‌ని కోసి వేట తుపాకీ చేశారు, దాన్ని మళ్లీ అసలు రూపానికి తేవాలంటే ఏది చూసి కొనాలి?

మీరు అడిగింది ఇదీ: డాలస్ దగ్గర గన్ షోలో 275 డాలర్లకు ఒక త్రీ నాట్ త్రీ, అంటే లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్, చూశారు. ముందు చెక్క సగానికి కోసేసి ఉంది, పైన స్కోప్ బిగించి ఉంది. "కొత్త చెక్క తెచ్చి బిగించుకుంటే మళ్లీ మిలిటరీ రైఫిల్ అయిపోతుంది" అని అమ్మేవాడు అన్నాడు. కొనొచ్చా, లేక ఇంకేదైనా చూసుకోవాలా అని.

అమ్మేవాడు చెప్పింది సగం నిజం. మిగతా సగం ఆ స్కోప్ కింద ఉంటుంది. నేను ఇలాంటివి రెండు కొన్నాను. మొదటిది దండగైంది, రెండోది ఇప్పుడు మా ఇంట్లో లాకర్‌లో ఉంది. రెండింటికీ తేడా ఒక్కటే: మొదటిదాంట్లో ఇనుము కోశారు, రెండోదాంట్లో చెక్క మాత్రమే కోశారు. చెక్క ఎప్పుడైనా దొరుకుతుంది. ఇనుముకి బెజ్జం పడితే అది ఇక పూడదు, పూడ్చినా కనిపిస్తుంది.

అసలు ఇలా కోసిన రైఫిళ్లు ఇన్ని ఎందుకున్నాయంటే, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అన్ని దేశాల దగ్గరా లక్షల కొద్దీ బోల్ట్ యాక్షన్ రైఫిళ్లు, అంటే చేత్తో బోల్ట్ లాగి గుండు ఎక్కించేవి, మిగిలిపోయాయి. 1950ల్లో, 60ల మొదట్లో అమెరికాలో వాటిని పోస్టులో తెప్పించుకునేవాళ్లు. అధ్యక్షుడు కెనడీని చంపిన కార్కానో అనే ఇటలీ రైఫిల్ కూడా 1963లో పత్రికలో ప్రకటన చూసి తెప్పించిందే, స్కోప్‌తో కలిపి 19 డాలర్ల 95 సెంట్లు. 1968 చట్టంతో ఆ పోస్టు బేరం, ఆ దిగుమతులు ఆగాయి. ఈలోపు కొన్నవాళ్లు జింకల వేటకి బరువు తగ్గాలని ముందు చెక్క కోసేశారు, పై చెక్క పారేశారు, కొందరు బ్యారెల్ కూడా రెండు మూడు అంగుళాలు తగ్గించారు. వాళ్లని ఇప్పుడు అందరూ తిట్టుకుంటారు గానీ నేను తిట్టను. అప్పట్లో అది పాత ఇనుము ధరకొచ్చే వస్తువు, వాడికి కావలసింది ఇంటికి మాంసం.

నా మొదటి రైఫిల్ స్ప్రింగ్‌ఫీల్డ్ 1903. ఒహాయోలో మా ఊరికి గంట దూరంలో జరిగిన గన్ షోలో 320 పెట్టి కొన్నాను. చెక్క బాగుంది, బోల్ట్ నున్నగా నడుస్తోంది, పైన పాత స్కోప్ ఉంది, నేను ఆ స్కోప్‌ని చూసి ముచ్చటపడ్డాను. ఇంటికొచ్చి స్కోప్‌ని పట్టి ఉంచే మౌంట్ విప్పితే రిసీవర్ (బోల్ట్ కదిలే ఇనుప ఒళ్లు) పైన నాలుగు బెజ్జాలు, ఒకటి వంకరగా పడితే పక్కనే మళ్లీ ఇంకోటి వేశాడు, మొత్తం ఐదు. బ్యారెల్ కొలిస్తే 22 అంగుళాలు, ఉండాల్సింది 24. సీరియల్ నంబర్ చూస్తే 8,00,000 కంటే తక్కువ. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో చేసినవాటిలో ఆ నంబర్ లోపువి, రాక్ ఐలాండ్‌లో చేసినవాటిలో 2,85,507 లోపువి, ఉక్కుని కాల్చిన పద్ధతి వల్ల పెళుసుగా ఉంటాయని పేరు, వాటిని పేల్చొద్దనే అందరూ చెబుతారు. అంటే పేల్చడానికీ పనికిరాదు, బాగుచేయడానికీ పనికిరాదు. ఆ నంబర్ సంగతి నాకు కొన్న రాత్రి తెలిసింది, అదీ పడుకోబోయే ముందు. ఆర్నెల్ల తర్వాత 110 నష్టానికి అమ్మేశాను, కొన్నవాడికి మాత్రం అన్నీ చెప్పే అమ్మాను.

అందుకని బల్ల ముందు నిలబడినప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని, రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూసుకున్నాక, స్కోప్ మౌంట్ విప్పి చూపించమని అడగడం. స్క్రూడ్రైవర్ మీరే తీసుకెళ్లండి. లీ ఎన్‌ఫీల్డ్ అయితే ఎడమ పక్క గోడ మీద బెజ్జాలు వేసి ఉంటారు, లేకపోతే పైన. అంతకంటే పెద్ద సమస్య ఒకటుంది. బోల్ట్ దారి మీద అటు నుంచి ఇటు వంతెనలా ఒక ముక్క ఉంటుంది, 5 గుళ్ల క్లిప్‌ని నిలబెట్టి లోపలికి నొక్కేది అందులోంచే. స్కోప్‌కి అడ్డమని దాన్ని గీకేసినవి చాలా ఉన్నాయి. అది లేకపోతే బేరమే వద్దు, ఆ ముక్కని మళ్లీ పుట్టించలేం. అమెరికన్ ఎం1917 విషయంలో ఇదే గతి వెనక సైటుకి రెండు పక్కలా ఉండే చెవులకి పడుతుంది. వేట తుపాకీ చేసిన ప్రతివాడూ ముందు ఆ చెవులే కోశాడు. చెవులు లేని 1917ని చూసి ఎంత చవకైనా నడుచుకుంటూ వెళ్లిపోండి.

రెండోది బ్యారెల్ పొడవు. దీనికి టేపు చాలు. బోల్ట్ మూసి, మూతి నుంచి సన్నటి కర్ర జారవిడిస్తే బోల్ట్ ముఖానికి తగిలి ఆగుతుంది, మూతి దగ్గర గోటితో పట్టుకుని బయటికి తీసి కొలవండి. త్రీ నాట్ త్రీల్లో పాత మోడల్ నంబర్ 1 మార్క్ 3కి 25.2 అంగుళాలు రావాలి. తక్కువ వస్తే కోసేశారన్నమాట. అప్పుడు ముందు ఇనుప ముక్క, అదే ఆ మొండి ముక్కు, ఇక సరిగ్గా కూర్చోదు. ముందు సైటు దిమ్మ అసలుదేనా, లేక తర్వాత అతికించిన ర్యాంపా అన్నది కూడా చూడండి, ర్యాంప్ ఉంటే కోసి ఉండటానికే అవకాశం ఎక్కువ.

మూడోది, లోపల ఇంకా త్రీ నాట్ త్రీయేనా. ఇది చాలామంది అడగరు. ఆస్ట్రేలియాలో చాలా లీ ఎన్‌ఫీల్డ్‌లని .303-25 అనే వేరే గుండుకి మార్చారు, జపాన్ అరిసాకా రైఫిళ్లని ఇక్కడే రకరకాల గుళ్లకి బోర్ చేయించారు. బయట ఏమీ తెలియదు. గన్‌స్మిత్ దగ్గర చాంబర్ (గుండు కూర్చునే చోటు) చూపించకుండా ఒక్క గుండు కూడా పేల్చకండి. మూసిన బోల్ట్‌కీ గుండుకీ మధ్య సందు, అదే హెడ్‌స్పేస్, కొలిచే గేజ్‌లు కూడా వాళ్ల దగ్గరే ఉంటాయి. లీ ఎన్‌ఫీల్డ్‌లో తర్వాతి మోడల్ నంబర్ 4 రైఫిల్‌కి ఇందులో ఒక సుఖం ఉంది, బోల్ట్ తలకాయలు 0 నుంచి 3 వరకు సైజులుగా వచ్చేవి, వదులైతే పెద్ద నంబర్‌ది పెట్టి సరిచేసేవాళ్లు. పాత నంబర్ 1కి అలా నంబర్లు లేవు. ఇక ఎక్కడైనా డీపీ అని గుద్ది ఉంటే అది కవాతుకి మాత్రమే పనికొస్తుందని పక్కనపెట్టిన తుపాకీ, దాన్ని పేల్చే ఆలోచన పెట్టుకోవద్దు.

ఏ రకం తీసుకోవాలంటే, మొదటిసారి అయితే నా ఓటు లీ ఎన్‌ఫీల్డ్‌కే, అందులోనూ నంబర్ 4కి. ఇవి బ్రిటన్‌లోనే కాదు, కెనడాలో లాంగ్ బ్రాంచ్‌లో, అమెరికాలో సావేజ్ కంపెనీలో కూడా చేశారు. సావేజ్‌వాటి మీద యూఎస్ ప్రాపర్టీ అని ఉంటుంది. చెక్క, బ్యాండ్‌లు (చెక్కని పట్టి ఉంచే ఇనుప కట్లు), సైట్లు ఇంకా వెతికితే దొరుకుతున్నాయి. వీటికి వెనక బట్ వేరే ముక్క కాబట్టి అది చాలాసార్లు అసలుదే మిగిలి ఉంటుంది, ముందు చెక్క, పై చెక్కలు వెతుక్కుంటే సరిపోతుంది. జర్మన్ మౌజర్ 98కే మీద అందరికీ మోజే, కానీ దానికి అసలు చెక్క, సరైన ముద్రలున్న చిన్న సామాన్లు కలిపితే బాగున్న రైఫిల్ ధర దాటిపోతుంది, పైగా నకిలీ ముద్రలు. ఇంకో సంగతి, "డఫిల్ కట్" అని ఒకటి వింటారు. అమెరికా సైనికులు ఇంటికి తెచ్చుకునేటప్పుడు సంచిలో పట్టక బ్యాండ్ కింద చెక్కని ఒక్క చోట అడ్డంగా కోసేవాళ్లు. అది దొరికితే అదృష్టమే, రెండు ముక్కలూ ఉంటే లోపల పుల్ల వేసి అతికిస్తే బ్యాండ్ కింద దాగిపోతుంది.

అలాగే వేట తుపాకీగా మార్చినదంతా చెత్త కాదు. పేరున్న గన్‌స్మిత్ శ్రద్ధగా, మంచి వాల్‌నట్ చెక్కతో చేసినవి ఉంటాయి, వాటిని విప్పి మిలిటరీ చెక్క తొడగడం ఇంకో తప్పు. వాటిని అలాగే ఉంచండి. నేను చెప్పేది వంటింటి బల్ల మీద రంపంతో కోసినవాటి గురించి.

ఇప్పుడు నా రెండోది, ఇది నంబర్ 1. ఒక పెద్దాయన చనిపోతే వాళ్ల పిల్లలు సామాన్లు అమ్ముతున్నారు, అక్కడ దొరికింది. బట్ దగ్గరి ఇనుప పట్టీ మీద జిడ్డు తుడిస్తే కిరీటం, దాని కింద జీఆర్ఐ (అప్పటి జార్జి రాజు గుర్తు), దాని కింద ఇషాపూర్, 1942. కలకత్తా పక్కన హుగ్లీ ఒడ్డునున్న ఫ్యాక్టరీ, 1904 నుంచీ రైఫిళ్లకి పేరు. మా నాన్న ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో కానిస్టేబుల్‌గా చేశారు, ఇలాంటి రైఫిల్‌తోనే ట్రెజరీ గార్డు డ్యూటీలు, ఎన్నికల డ్యూటీలు. ఒంగోలులో మా క్వార్టర్స్ నుంచి బెల్ ఆఫ్ ఆర్మ్స్, అంటే ఆయుధాల గది, కనిపించేది, సాయంత్రం వరసగా కూర్చుని తాడుకి గుడ్డ కట్టి గొట్టంలోంచి లాగుతుండేవాళ్లు. ఆ నూనె వాసన నాకు ఇక్కడ ఆ పెద్దాయన గరాజ్‌లో తగిలింది. కాబట్టి బేరం ఆడే స్థితిలో నేను లేను, 280 అంటే 280 ఇచ్చేశాను. అయినా ఈసారి ముందు కొలిచాను, 25.2 వచ్చింది. బెజ్జాలు లేవు. రిసీవర్ మీద నంబరూ బోల్ట్ పిడి వెనక నంబరూ ఒకటే. స్కోప్ పెట్టే ఓపిక లేక ఆయన పాత సైటుతోనే వేటాడాడేమో, ఆయనకి దండం.

ఇక నేను చేసిన వెధవ పని కూడా చెప్పాలి, మీరు చేయకుండా. వెనక బట్ కాస్త కదులుతోంది. బట్ ప్లేట్‌లో చిన్న మూత తెరిస్తే లోపల బట్‌ని పట్టి ఉంచే పొడవాటి మర బోల్ట్ కనిపిస్తుంది, దాన్ని బిగిస్తే సరిపోతుందిగా అనుకుని పొడవు స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాను. టక్‌మని శబ్దం. ఈ మోడల్‌లో ఆ బోల్ట్ ముందు కొస చతురస్రంగా ఉండి, ముందు చెక్క వెనక భాగంలో ఉన్న చిన్న ఇనుప పలకలో ఇరుక్కుని ఉంటుంది. ముందు చెక్క విప్పకుండా బోల్ట్ తిప్పితే ఆ చతురస్రం తిరుగుతూ చెక్కని లోపల నుంచి చీల్చేస్తుంది. ముందు చెక్క తీయాలి, తర్వాతే బట్ బోల్ట్ ముట్టుకోవాలి. నా అదృష్టం, అది ఎలాగూ కోసిపారేసిన చెక్క. కొత్తగా తెచ్చినదానికి ఇలా అయ్యుంటే ఏడ్చేవాణ్ణి.

ముందు చెక్క వెతకడానికి నాలుగు నెలలు పట్టింది. ఆన్‌లైన్‌లో ఒకతను "బాగుంది" అని పంపినది వచ్చేసరికి ట్రిగ్గర్ గార్డు దగ్గర లోపల పగిలి, జిగురు పెట్టి పాలిష్ కొట్టి ఉంది. తిప్పి పంపాను. ఆ చోటే అసలు ప్రాణం. పేల్చినప్పుడు రిసీవర్ వెనక్కి తన్నే దెబ్బంతా చెక్కలో రెండు చిన్న ఆనుడు చోట్ల మీద పడుతుంది. అక్కడ గోరంత సందు ఉన్నా ఇనుము ప్రతిసారీ సుత్తిలా కొట్టి చెక్కని చీలుస్తుంది. ఇనుముకి పలచగా మసి రాసి, చెక్క తొడిగి తీస్తే ఎక్కడ అంటుకుందో అక్కడ తగులుతోందన్నమాట. నాకు ఒకవైపే అంటుకుంది. అంటుకున్న చోట ఆకురాయితో రెండు గీకులు, మళ్లీ తొడగడం, మళ్లీ తీయడం. ఒక ఆదివారం పొద్దున మొదలుపెట్టి రాత్రి పదికి రెండువైపులా సమానంగా మచ్చ పడింది. ఇంటావిడ మూడుసార్లు అన్నానికి పిలిచింది.

ఇంకొక చిన్న సామాను సంగతి. ట్రిగ్గర్ గార్డు ముందు స్క్రూ చెక్కలోంచి వెళ్లే చోట ఒక చిన్న ఇనుప గొట్టం ముక్క ఉండాలి. వేట తుపాకీ చేసినప్పుడు ముందు పోయేది అదే. అది లేకుండా స్క్రూ బిగిస్తే చెక్క నలిగిపోతుంది. లోపలి బ్యాండ్, దాని స్ప్రింగ్, బ్యారెల్ కింద నొక్కే చిన్న గుబ్బ, దాని స్ప్రింగ్, ఇవి కూడా అంతే. పెద్ద సామాన్లు కొనేటప్పుడే వీటి జాబితా రాసుకోండి, లేకపోతే షిప్పింగ్ ఖర్చే తడిసి మోపెడవుతుంది.

చెక్కకి సాండ్‌పేపర్ తాకించొద్దు. ముద్రలు పోతాయి, అంచులు గుండ్రమైపోతాయి, ఇనుము ఎత్తుగా చెక్క లోతుగా కనిపిస్తుంది. పాత జిడ్డు పోవాలంటే నేను జులై ఎండలో చెక్కని నల్ల కవర్‌లో చుట్టి కారులో పెట్టాను, సాయంత్రానికి నూనె చెమటలా బయటికొచ్చింది, తుడిచాను, అలా వారం. నొక్కులకి తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె పెడితే ఆవిరికి చెక్క ఉబ్బి పైకొస్తుంది. ఆ తర్వాత అవిసె నూనె, అరచేత్తో, వేడి పుట్టేదాకా రుద్దడమే. వార్నిష్ వద్దు. ఒక్క జాగ్రత్త, అవిసె నూనె గుడ్డల్ని ఉండ చుట్టి చెత్తబుట్టలో వేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. బయట విడిగా ఆరేయండి, లేకపోతే నీళ్లలో వేసి పారేయండి. ఇనుముకి కొత్త బ్లూయింగ్ (తుప్పు పట్టకుండా వేసే నల్లటి పూత) కూడా చేయించలేదు, నూనెతో పలచటి తుప్పు మాత్రం తీశాను.

ఖర్చు లెక్క: రైఫిల్ 280, ముందు చెక్క 165, పై చెక్కలు రెండూ 80, ముక్కు 70, చిల్లర సామాన్లు షిప్పింగ్‌తో 60, గన్‌స్మిత్‌కి 45. మొత్తం 700. అదే రోజుల్లో కోయని ఇషాపూర్ ఒకటి 650కి చూశాను. కాబట్టి లాభం కోసం ఈ పని చేయకండి, అసలు లాభం లేదు. చెక్క నంబర్ రైఫిల్ నంబర్‌తో కలవదు కాబట్టి ఎప్పటికైనా అమ్మితే "రిస్టోర్ చేసినది" అని చెప్పే అమ్మాలి.

మీ వీసా సంగతి రాయలేదు. గ్రీన్ కార్డు ఉంటే ఫరవాలేదు. హెచ్1బీ మీద ఉంటే అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నేరం. చెల్లే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, లాయర్‌ని అడక్కుండా వాటి మీద ఆధారపడకండి, దీనివల్ల ఇమిగ్రేషన్ మొత్తం పోతుంది. ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్లు ఇది సరదాకే చదవండి. అక్కడ .303 నిషేధిత బోర్, లైసెన్స్ లేకుండా తుపాకీ రిపేరు చేసినా ఆయుధాల చట్టం కింద కేసే.

మా నాన్న విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు కూడా నేను చేతికివ్వలేదు. బల్ల మీద పెట్టి చూపించాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ ఒక రౌండ్ వేసి, ఏమీ మెచ్చుకోకుండా, "బట్ నంబర్ ఏదిరా?" అన్నారు. స్టేషన్లలో ప్రతి రైఫిల్‌కీ బట్ మీద ఒక నంబర్ రాసి ఉంటుంది, బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో తీసుకునేది, అప్పగించేది దాని లెక్కనే. లేదు నాన్నా అంటే, "మరి రోల్ కాల్‌కి ఏం చెబుతావు" అని నవ్వి, తనది 114 అన్నారు. రిటైరై అప్పటికి తొమ్మిదేళ్లు.

మీ రైఫిల్ విషయానికొస్తే, వచ్చే షోకి ఆ మనిషి మళ్లీ వస్తే మౌంట్ విప్పమనండి, టేపు పెట్టండి, ఎడమ గోడ, పై వంతెన, మూతి, ఈ మూడు ఫోటోలు ఇక్కడ కామెంట్‌లో పెట్టండి, చూసి చెబుతాను. విప్పనంటే మాత్రం ఆ 275 జేబులోనే ఉంచుకోండి.